నంద్యాలలో బాడుగ యిల్లు

2022 సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లా కేంద్రమైనది. కర్నూలు వఱకు బోయి కచ్చేరీ మెట్లెక్కవలసిన యవసరము తప్పినందులకు ఈ ప్రాంత ప్రజలు సంతసించిరి. భూమి తగవులో కలెక్టరుగారికి అర్జీ యిచ్చుకొనుటకై ఆళ్లగడ్డ రైతు నూరు కిలోమీటర్లకు మించి ప్రయాణము చేసి, 'దొరవారు క్యాంపునకు వెళ్లినారు' అను మాట విని సాయంకాలపు బస్సున మరలి వచ్చుచుండిన దినములు ఎవరికి జ్ఞాపకము లేవు? ఆ కష్టము కొంత తగ్గినది, మేము కాదనము. కాని జిల్లాతో కచ్చేరీలు వచ్చినవి. కచ్చేరీలతో ఉద్యోగులు వచ్చిరి. ఉద్యోగులతో వారి కుటుంబములు వచ్చినవి. వీరెల్లరు తల దాచుకొనుటకు ఇండ్లు మాత్రము వెంట రాలేదు. ఉన్న యిండ్లలోనే అందఱును సర్దుకొనవలసి వచ్చెను. అట్టి సర్దుబాటులో డబ్బుగలవాడు ఊరి నడుమకును, లేనివాడు ఊరి వెలుపలికిని జరుగును. నంద్యాలలో జరుగుచున్న దదియే.

రాష్ట్ర రాజకీయములను, నదీజలములను చర్చింపవలసిన స్తంభమున బాడుగ యిండ్ల ముచ్చట యేల యని పఠనమందిరమున గూర్చుండిన పెద్దలు కొందఱు పెదవి విఱువవచ్చును. పెదవి విఱుచువారిలో సొంత మిద్దె గలవారే యెక్కువగా నుందురని మా యనుమానము. నెల మొదటి తారీఖున జీతము చేతికి రాకమునుపే అందులో పెద్దభాగము ఎవరి చేతికి పోవలెనో నిర్ణయమైయుండు కుటుంబమునకు ఇంతకంటె పెద్ద రాజకీయ మేమున్నది?

నంద్యాల పూర్వమునుండియు రాకపోకల యూరు. కుందూ నది ప్రక్కన, కె.సి. కాలువ పారకముగల భూముల నడుమ నున్నందున వడ్లకును, ప్రత్తికిని, విత్తనములకును ఇది సంత. గుంతకల్లు-గుంటూరు రైలుమార్గముపై నున్న ఈ స్టేషను, 2016లో ఎఱ్ఱగుంట్ల మార్గము తెఱచిన తరువాత కూడలి యైనది. నవనందులను దర్శింపవచ్చు యాత్రికులకు ఇది విడిది. 2011 జనాభా లెక్కలనాటికే పట్టణమున రెండు లక్షలమందికి పైగా నుండిరి. ఇట్టి యూర బాడుగ కుండువాడు కచ్చేరీ గుమాస్తా యొక్కడే కాడు. ఆసుపత్రిలో రాత్రి పాలి చేయు నర్సు, ప్రైవేటు పాఠశాల యుపాధ్యాయిని, బియ్యపు మిల్లు హమాలీ, ఆటో నడుపువాడు, బట్టల యంగడిలో దినమంతయు నిలువుకాళ్లపై నుండు యువతి, పిల్లవాని చదువుకై ఆత్మకూరునుండియో కోవెలకుంట్లనుండియో వచ్చి రెండేండ్లు కాపురముండు తల్లి, వీరందఱును బాడుగవారే. సంజీవనగరు మొదలు నూనెపల్లె వఱకును, పద్మావతీనగరు మొదలు మూలసాగరము వఱకును సందుసందున వీరు 'పోర్షను'లలో నున్నారు.

ఈ పోర్షను పుట్టుక చెప్పదగినది. తాతలనాటి మిద్దె యొకటి యుండెను. అన్నదమ్ములు పంచుకొనగా అది మూడైనది. మూడింటిలో నొకదానిని పడగొట్టి మూడంతస్తులు లేపిరి. అంతస్తునకు రెండు వాకిళ్లు పెట్టిరి. మెట్లక్రింది చోటు ఒక గది యైనది. మిద్దెపైన రేకులు కప్పగా మఱియొక గది యైనది. ఏప్రిలు, మే మాసములలో ఆ రేకులగది యెట్లుండునో నంద్యాల యెండ నెఱిగినవారికి వేఱుగ జెప్ప నక్కఱలేదు. కరెంటు మీటరు తఱచుగ ఒకటే. వాడుక హెచ్చినకొలది యూనిట్టు ధర హెచ్చు పద్ధతి యున్నందున, నాలుగు కాపురము లొక మీటరుపై వాడినచో బీదవాని యొక్క దీపమునకు గూడ పైశ్రేణి ధరయే పడును. నీటికి వేళ యుండును. చుట్టములకు లెక్క యుండును. వీధివాకిలికి రాత్రి తాళము పడు గంట యుండును. ఇన్ని నియమములు గల యింటిలో నియమము లేనిది ఒక్క బాడుగ మాత్రమే!

రాజధాని ముందును ఇండ్లు వెనుకను వచ్చుట మన సీమకు క్రొత్త కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించి కర్నూలు రాజధాని యైనప్పుడు ప్రభుత్వ కార్యాలయములు కొన్ని డేరాలలో నడచిన సంగతి పెద్దలు చెప్పుకొందురు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదునకు తరలిపోయినది, డేరాలు చుట్టివేసిరి. ప్రభుత్వము తన కచ్చేరీకి డేరా వేసికొనగలదు. అందులో పనిచేయు జవాను తన భార్యాబిడ్డలకు ఏ డేరా వేయగలడు? డెబ్బది యేండ్లకు పిమ్మట, 2022లో, పదుమూడు జిల్లాలు ఇరువదియాఱైనవి. ఏ భవనములో ఏ కచ్చేరీ యుండవలెను, ఏ గదిలో ఏ యధికారి కూర్చుండవలెను అను చర్చలు చాల జరిగినవి. ఆ కచ్చేరీ యటెండరు రాత్రి యెచ్చట పండుకొనవలెనను చర్చ మాత్రము మా చెవిని బడలేదు.

ప్రభుత్వోద్యోగికి ఇంటి యద్దె భత్యము కలదు. చాలినను చాలకున్నను జీతపు చీటిలో దానికై యొక గడి యున్నది. హమాలీకి ఆ గడి లేదు. ప్రైవేటు పాఠశాల యుపాధ్యాయినికిని లేదు. కాని వీధిలో బాడుగ ధర నిర్ణయించునది ఆ గడిగల కాపురమే. ఉద్యోగి యిచ్చిన ధరను జూచి ప్రక్కయింటివారు తమ పోర్షనునకును అదే ధర పలుకుదురు. ఇందులో ఉద్యోగి దోష మేమియు లేదు. ఇంటివారిది దోషమన్నను ఆశకు మించినది కాదు. అయినను ఫలిత మొక్కటే. ఇవ్వలేనివాడు మూట కట్టుకొని యూరి యంచునకు, కుందూ ప్రక్కను, చామకాల్వ ప్రక్కను గల పల్లపు వీధులకు దిగును. 2019 సెప్టెంబరునందు మహానంది దేవాలయ ప్రాంగణమే జలమయమైన వానలలో ఈ పల్లముల గతి యేమైనదో పాఠకులకు జ్ఞాపక ముండును. పల్లపు టిల్లు బాడుగ తక్కువ. ఒక్క వానకు మంచము, బియ్యపు డబ్బా, పిల్లల పుస్తకములు మునిగినచో మిగిల్చిన బాడుగ యంతయు అందులో కలియును.

'ఊరిలో ధర హెచ్చైనచో పల్లెకు పోరాదా? మహానంది రోడ్డున చౌకగా దొరకునే!' అని యుపదేశించువారున్నారు. మహానంది పదునైదు కిలోమీటర్ల పైమాట. ప్రొద్దున నాలుగింటికి బియ్యపు మిల్లు వాకిట నుండవలసినవాని కొఱకు ఏ బస్సు వచ్చును? రాత్రి పదింటికి అంగడి మూసిన తరువాత ఆ యువతి ఎట్లు చేరును? బాడుగలో మిగిలిన రూపాయ బస్సు టిక్కెట్టున పోవును; దానితో రెండు గంటల నిద్ర గూడ పోవును. ఇల్లు చౌక యగుట వేఱు, పనికి దగ్గఱగా చౌక యగుట వేఱు. ఈ భేదము పాటింపని గృహనిర్మాణ పథకము లెన్నియో మనము చూచితిమి. వాని మాట ముందు చెప్పెదము.

మహానంది ప్రస్తావన వచ్చినది గనుక ఒక సంగతి. అచ్చట సత్రములు, దేవస్థానపు గదులు కలవు. యాత్రికుడు ఒక్క రాత్రికి గది తీసికొన్నచో ధర పలకపై నుండును; డబ్బు కట్టగనే రసీదు చేతికి వచ్చును. నంద్యాలలో పదేండ్లు ఒకే యింట కాపురముండి, నెల తప్పక బాడుగ చెల్లించినవానిని 'నీ రసీదులు చూపుము' అని యడుగుడు. ఒక్కటియు నుండదు! ఒక్క రాత్రి విడిదికి గల రసీదు పదేండ్ల కాపురమునకు లేకపోవుట చిన్న విషయముగా దోచవచ్చును. కోర్టులో నిలువబడి సాక్ష్యము చూపవలసిన దినమున అది చిన్నది కాదని న్యాయవాదవృత్తిలో నున్న మేము నిత్యము చూచుచున్నాము. బాడుగ బాకీపడినాడని యజమాని యనును, చెల్లించితినని యితడనును, కాగితము లేదు. అడ్వాన్సు ఇచ్చితినని యితడనును, అది ముందటి బాకీలో జమ యైనదని యజమాని యనును, కాగితము లేదు. నోటిమాటతో వచ్చినవాడు నోటిమాటతోనే వెడలిపోవును.

ఉన్నచో ఉండునది పదునొకండు మాసముల యొడంబడిక. పదునొకండే యేల? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము సంవత్సరమునకు మించిన లీజు రిజిస్టరు కావలయునని విధించినది. రిజిస్ట్రేషను ఖర్చు, దానితో వచ్చు బాధ్యత, రెండును తప్పించుకొనుటకు ఒక మాసము కోసివేసిరి. పండ్రెండవ మాసమున బాడుగ పెంచుదురు, ఒప్పనివాడు పోవలెను. మాసవారీ కాపురమునకు అదే చట్టము పదునైదు దినముల నోటీసు నిచ్చుచున్నది. పిల్లల పరీక్షలు ఫిబ్రవరి, మార్చి నెలలలో నుండగా జనవరి యాఖరున నోటీసు వచ్చిన కుటుంబము పదునైదు దినములలో క్రొత్త యిల్లు వెదకుట యెట్లో చట్టము వ్రాసినవారు చెప్పలేదు.

రసీదు నీయకపోవుటకు యజమానులు చెప్పు కారణము పన్ను. పూర్వము పురపాలక సంఘపు ఇంటిపన్ను వార్షిక బాడుగ విలువపై నుండెను. రసీదిచ్చినచో బాడుగ బయటపడి పన్ను పెరుగునను భయ మప్పుడు కొంత యర్థవంతమే. కాని 2021 నుండి మన రాష్ట్రమున ఇంటిపన్ను ఆస్తి మూలధనపు విలువపై విధింపబడుచున్నది. బాడుగ రెండువేలైనను ఇరువదివేలైనను ఆ పన్ను మాఱదు. ఆ భయము పోయినను ఆ యలవాటు పోలేదు. ఇక ఆదాయపు పన్ను: బాడుగ యాదాయములోనుండి మునిసిపలు పన్ను తీసివేయగా మిగిలినదానిలో నూటికి 30 వంతు విడిచిపెట్టి తక్కినదానిపైననే పన్ను లెక్కింతురు. ఒక పోర్షను బాడుగపై జీవించు వృద్ధురాలికి ఈ లెక్కలో పన్నే తగులదు. తగులువారు అయిదారు మిద్దెలు గలవారు. వారి భయము కొఱకు ఊరిలోని బాడుగవారందఱును రసీదు లేక యుండవలయునా? జీతపు పన్నులో భత్యపు మినహాయింపు కోరు నుద్యోగి, సంవత్సరపు బాడుగ లక్ష రూపాయలు మించినచో, యజమాని పాన్ సంఖ్య చూపవలయును. 'పాన్ అడిగెదవా, ఐతే యిల్లు వేఱుగ చూచుకొమ్ము' అనుమాట చదువుకొన్న యింటివారు గూడ అనుచున్నారు.

ఇక చట్టముల కథ వినుడు. యుద్ధకాలపు టిండ్ల కఱవులో మొలచిన బాడుగ నియంత్రణ 1946లోను, మరల 1949లోను మద్రాసు శాసనమైనది. కర్నూలు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రముననే యుండెను. 1960లో ఆంధ్రప్రదేశమునకు తన చట్టము తనకు వచ్చినది. కాగితముపైన అది మంచి చట్టమే. న్యాయమైన బాడుగను నిర్ణయింప కంట్రోలరు నొకనిని నియమించినది. ఒక నెల బాడుగకు మించిన అడ్వాన్సు పుచ్చుకొనరాదన్నది. బాడుగకు రసీదు పొందుట హక్కు అన్నది. కారణము చూపనిదే ఖాళీ చేయింపరాదన్నది. కాని యొక చేత నిచ్చినదానిని మఱియొక చేత దీసికొనుట శాసనకర్తలకు వెన్నతో బెట్టిన విద్య. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనములకు ఈ చట్టము వర్తింపదని మినహాయింపు పెట్టిరి. సంవత్సరములు గడచినకొలది పాతయిండ్లు తగ్గి క్రొత్తవి పెరుగును గదా! 1983లో సుప్రీముకోర్టు, మోటారు జనరల్ ట్రేడర్సు వారి వ్యాజ్యమున, ఆ మినహాయింపు సమానత్వమునకు విరుద్ధమని కొట్టివేసినది. ఆ సంవత్సరము ముగియకమునుపే ప్రభుత్వము క్రొత్త యుత్తరువు తెచ్చినది: కట్టి పదేండ్లు నిండని భవనములును, నెలకు వేయి రూపాయలు మించిన బాడుగగల భవనములును చట్టమునకు వెలుపల నుండునట. 2005లో ఆ వేయిని సవరించి, నగరపాలక సంస్థలలో 3,500 రూపాయలు, తక్కిన యూళ్లలో 2,000 రూపాయలు అనిరి. నంద్యాల నగరపాలక సంస్థ కాదు గనుక మన లెక్క రెండువేలు. పాఠకులారా, వంటగదియు స్నానపుగదియు గల యిల్లు నంద్యాలలో రెండువేలకు దొరకు వీధి మీకు తెలిసియుండినచో మాకు వ్రాయుడు, వెంటనే ప్రకటించెదము. బీదవానికై చేసిన చట్టపు వాకిలిని బీదవాడే దూరలేనంత పొట్టిగా కట్టినారు.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గము ఆదర్శ బాడుగ చట్టము నంగీకరించి రాష్ట్రములకు పంపినది. ఆ దారిని తమ చట్టములను సవరించుకొన్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటియని కేంద్రమువారు పేర్కొనియున్నారు. ఆదర్శచట్టము బాడుగ కెల్లను గీయదు. అది యిరువురి యొడంబడికకు విడిచిపెట్టినది. కాని నివాసగృహమునకు అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించరాదన్నది. ఒడంబడిక వ్రాతమూలకముగా నుండి, రెండు నెలలలో ఆ యధికారికి తెలియజేయవలయునన్నది. ఆ యధికారిని డిప్యూటీ కలెక్టరు హోదాకు తగ్గనివానిని కలెక్టరు నియమింపవలయునన్నది. పాత పద్ధతిని మెచ్చుకొందుమా, క్రొత్త పద్ధతిని మెచ్చుకొందుమా యను వాదమును ప్రక్కనుంచి యొక్క సంగతి గమనింపుడు. రెండును కాగితము నాధారము చేసికొన్నవే. కాగితమే లేని మూలసాగరపు బాడుగవానికి పాతది చేయలేని మేలు క్రొత్తది మాత్ర మెట్లు చేయగలదు?

బాడుగ ఇవ్వగలిగియు ఇల్లు దొరకనివారు మఱికొందఱు కలరు. టులెట్ పలక జూచి తలుపు తట్టగనే మొదటి ప్రశ్న జీతమును గూర్చి కాదు. 'మీరేమిట్లు?' కులము చెప్పినచో, 'ఇప్పుడే మఱియొకరు మాట్లాడుకొని పోయినారు' అందురు. పేరు విన్నంతనే మతము తెలిసినచో, 'మా యింట మాంసము పనికిరాదు' అందురు. అదే వీధిలో మాంసము వండు నితరులకు ఆ నియమము లేదు. చదువుకొని యుద్యోగము సంపాదించి క్రొత్త జిల్లాకు బదిలీపై వచ్చిన దళిత యువకుడు కచ్చేరీలో బల్లవద్ద అధికారి. సాయంకాలము వీధిలో ఇల్లు లేనివాడు! ఇది మర్యాదకు మాత్రమే సంబంధించినదని యనుకొనరాదు. అస్పృశ్యత కారణమున ఇల్లు బాడుగకీయ నిరాకరించుట బహిష్కారముగా పరిగణింపబడునని 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టమే చెప్పుచున్నది. దానినే 1976లో పౌరహక్కుల రక్షణ చట్టమని పిలిచిరి. అది శిక్షార్హమైన నేరము. నంద్యాలలో టులెట్ పలక వ్రేలాడదీయు పెద్దమనుష్యు లెందఱికి ఈ సంగతి తెలియును? మతము కారణముగా త్రోసిపుచ్చినవానికి ఇంత స్పష్టమైన శాసనమును లేదు. రాజ్యాంగపు 15వ యధికరణము యొక్క మొదటి నిషేధము ప్రభుత్వమును గట్టివేయును గాని యింటి యజమానిని కట్టదు. ఈ లోటు తీర్చు శాసనము కావలెను.

ప్రభుత్వము ఇండ్లు కట్టుట లేదా యని యడుగవచ్చును. కట్టుచున్నది, స్థలములు నిచ్చుచున్నది. 2020 డిసెంబరునుండి పట్టణ పేదలకు ఒక్కొక సెంటు, అనగా సుమారు 48 చదరపు గజముల జాగా, పట్టాలుగా పంచిరి. అంతకు ముందు టిడ్కో సంస్థ రాష్ట్రపు పట్టణములలో 300, 365, 430 చదరపు అడుగుల యిండ్లు అంతస్తులుగా లేపినది; వీనిలో చాల యిండ్లు గోడలు లేచియు ఏండ్లతరబడి లబ్ధిదారుల చేతికి రాలేదు. ప్రభుత్వములు మాఱినవి, రంగులు మాఱినవి. ఏ పక్షమును నిందించుట మా యుద్దేశము కాదు. రెండు పక్షములును అంగీకరించిన యొక్క భావమునే మేము ప్రశ్నించుచున్నాము: ప్రతివాడును సొంతయింటివాడు కావలెనను భావము. వినుట కింపుగానే యున్నది. కాని మూడేండ్లకు బదిలీ యగు నుద్యోగి, కోతలకాలమున వచ్చి పోవు కూలీ, చదువుకై వచ్చిన పిల్లవాడు, నేడు నర్సుగా నంద్యాలలో నుండి ఏడాదికి అనంతపురము పోవు యువతి, వీరు సొంతయిల్లు కట్టి యేమి చేసికొందురు? వీరికి కావలసినది మంచి బాడుగ యిల్లు. 2020లో మహమ్మారి వచ్చి నగరములు మూతబడినప్పుడు లక్షలాది కూలీలు రోడ్లవెంట నడచిపోవుట లోకము చూచినది. బాడుగ కట్టలేనివానికి నగరమున నిలువ నీడ లేదని తెలిసినది. ఆ సంవత్సరమే కేంద్రప్రభుత్వము చౌక బాడుగ గృహసముదాయముల పథకమును ప్రకటించెను. 2024లో అంగీకరించిన పట్టణ ఆవాసయోజన రెండవ విడతలోను బాడుగ గృహములకు ప్రత్యేక విభాగ మున్నది. కేంద్రమున విభాగమున్నది, నంద్యాల పురపాలక సంఘమున దానిని గూర్చి తీర్మానము కావలెను.

పరిశ్రమలవారు కట్టిన యిండ్ల కథ వేఱు. పాణ్యం సిమెంటు కర్మాగారపు నీడన బుగ్గానిపల్లె వద్ద సిమెంటునగర్ అను నూరే వెలసినది. ఫ్యాక్టరీ నడచినంతకాలము క్వార్టర్సులో దీపము వెలుగును. సంస్థ ఋణములలో మునిగి దివాలా న్యాయస్థానపు వాకిట నిలిచినప్పుడు కార్మికుని పనితోబాటు పైకప్పును ఊగును. యజమానుడే యింటివాడైనచో ఒకే దెబ్బకు రెండును పోవును. బొంబాయి మిల్లులలో పనికి పోయిన మన పద్మశాలీలు ఈ కష్టము నెఱుగుదురు. 1982 జనవరి 18న ఆరంభమైన సమ్మెకు పిమ్మట మిల్లు లొక్కొకటి మూతపడగా మగ్గములు భివండీ వంటి చుట్టుప్రక్కల యూళ్లకు చెదరినవి; అచ్చట మన నేతపనివారు ఒకే గదిలో పాలివారీగా నిదురించు దినములు వచ్చినవి. పగలు పాలివాడు లేవగనే రాత్రి పాలివాడు అదే చాపపై పండుకొనును.

బొంబాయి చరిత్ర మఱియొక హెచ్చరిక గూడ చేయుచున్నది. 1947 నాటి చట్టము అచ్చట బాడుగలను 1940 నాటి మట్టమున గడ్డగట్టించినది. తొలుత బీదవానికి మేలే జరిగినది. యాబది యేండ్లు కదలక నిలిచిన బాడుగతో యజమాని మరమ్మతు మానుకొనెను. వానలలో చాలులు కూలినవి. రసీదు మీద నుండు బాడుగ పదులలోను, చాటున చేతులు మాఱు పగిడీ లక్షలలోను నడచినది. ఆ ప్రమాణపు బాడుగ అసమంజసమైనదని 1997లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చెను. కావున బాడుగలను శాసనముతో గడ్డగట్టింపుడని మేము కోరము. కోరినచో నంద్యాలలో రేపే సగము టులెట్ పలకలు దిగిపోవును.

అట్లని ఊరకుండుడనియు చెప్పము. 1915లో, యుద్ధసామగ్రి కర్మాగారములకు జనులు గుంపులుగా వచ్చిన గ్లాస్గో నగరమున ఇంటివారు బాడుగలు పెంచగా, మేరీ బార్బర్ అను గృహిణి మొదలగు స్త్రీలు గంటలు మ్రోగించి వీధివీధిని బాడుగ సమ్మె నడిపిరి. సుమారు ఇరువదివేల కుటుంబములు పాల్గొన్నవి. ఆ డిసెంబరుననే బ్రిటిషు పార్లమెంటు బాడుగ నిరోధక చట్టము చేసెను. కఱవు వచ్చినది యుద్ధమువలన. నంద్యాలలో వచ్చినది ఒక ప్రభుత్వపు టుత్తరువువలన. ఉత్తరువుచేత గిరాకి పుట్టించిన ప్రభుత్వమునకు దాని భారములో పాలు లేదా? వియన్నా నగరమువారు 1920వ దశకమున తమ పన్నులతోనే బాడుగ యిండ్లు కట్టుట కారంభించిరి. నేటికిని ఆ నగరవాసులలో దాదాపు సగము మంది నగరము కట్టినవో, నగరపు సహాయముతో కట్టినవో యగు నిండ్లలో నున్నారు. నంద్యాల వియన్నా కానక్కఱలేదు. నూఱు గదులు కట్టినచో, ఆ నూఱింటి బాడుగ వీధిలోని తక్కిన వేయింటికి కొలబద్ద యగును.

ఇంటి యజమానుల పక్షమున చెప్పవలసినది లేకపోలేదు. వీరిలో మిద్దెల వ్యాపారులు కొందఱే. ఎక్కువమంది పింఛనుదారులు, వితంతువులు, ఒక పోర్షను బాడుగతో మందులు కొనుక్కొనువారు. బాడుగ ఎగవేసి ఖాళీ చేయక, కోర్టులో ఏండ్లతరబడి యీడ్చు కొంటె బాడుగదారు లున్నారు; వారి వ్యాజ్యములను నడిపి ఫీజు పుచ్చుకొను మా వృత్తివారును ఉన్నారు. అట్టివాని నొక్కని జూచి తక్కిన తొమ్మండుగురికి కాగితము నిరాకరింతురు. కాని కాగితము యజమానికి శత్రువు కాదు. గడువు, బాడుగ, పెంపు, మరమ్మతు ఎవరిదో, ఇవి స్పష్టముగ వ్రాసియున్నచో మూడునెలలలో తేలవలసిన తగవు, నోటిమాటలపై బడి ఏడేండ్లు సాగుచున్నది.

కావున పట్టణ పెద్దలు కలెక్టరుగారిని కోరవలసినది పెద్ద కోరిక కాదు. బాడుగ తగవులను వినుటకొక యధికారి, వారమునకు రెండు దినములు, నంద్యాల కచ్చేరీలోనే కూర్చుండవలెను. ఒక్క పుటలో, తెలుగున, అచ్చువేసిన యొడంబడిక నమూనాయు, రసీదు పుస్తకమును ప్రతి వార్డు సచివాలయమున దొరకవలెను. ఉర్దూ ప్రతి గూడ నుండుట మన యూరికి న్యాయము. వయోవృద్ధులైన యజమానులకు ఆ పత్రము నింపిపెట్టుటకు న్యాయవాదుల సంఘమునుండి వాలంటీర్లను తెచ్చు బాధ్యత మేము వహింతుము. పురపాలక సంఘము, తన పరిధిలో తాళము వేసిన ప్రభుత్వపు టిండ్లు ఎన్ని యున్నవో వార్డువారీగా లెక్క తీసి ప్రకటింపవలెను. లబ్ధిదారుడు లేని యిండ్లను నర్సులకు, హమాలీలకు, బదిలీపై వచ్చిన చిన్న యుద్యోగులకు నెలబాడుగపై నిచ్చుట కనుమతి కోరుచు తీర్మానము పంపవలెను. రైలు స్టేషనునకును బస్టాండునకును నడచిపోదగిన దూరమున ప్రభుత్వపు జాగా యేదైన మిగిలియున్నచో, అది దుకాణముల వేలమునకు పోకమునుపే బాడుగ గదులకై కేటాయింపవలెను.

కాపురములు మాఱు కాలము మే నెల. పాఠశాలలు మూసి, జూనున మరల తెఱచులోపల నంద్యాలలో బండ్లపై మంచములు, బీరువాలు వీధివీధి తిరుగును. ఆ రసీదు పుస్తకములు ఏప్రిలు నెలాఖరునకైన వార్డు సచివాలయపు బల్లలపైకి రావలెను.